నాలుగు గట్లు, ఒక కర్ణము: చతుర్భుజ గణిత చరిత్ర

పొలమునకు నాలుగు గట్లుండును. ఆ నాలుగు గట్ల పొడవులును తాడు పట్టి కొలిచి కాగితముపై వ్రాసికొన్నచో పొలము విస్తీర్ణము తెలిసినట్లేనని సామాన్యముగా జనులు తలంతురు. తండ్రి తదనంతరము అన్నదమ్ములు భూమి పంచుకొనునపుడును, ఇంటి స్థలము కొనునపుడును, దస్తావేజులో చెక్కుబందీలు వ్రాయించునపుడును నాలుగు వైపుల కొలతలే చూచుకొని తృప్తిపడువారు పెక్కుమంది. కాని నాలుగు భుజముల కొలతలు మాత్రమే తెలిసిన క్షేత్రమునకు వైశాల్యము చెప్పుట ఎంతటి గణకునకైనను సాధ్యము కాదు. అందులకు ఐదవ కొలత యొకటి కావలయును. ఒక మూల నుండి దాని కెదురుమూలకు తిన్నగా పట్టిన తాడు పొడవే ఆ ఐదవ కొలత. శాస్త్రములో దానికి కర్ణమని పేరు.

ఈ సంగతి వినుటకు చిన్నదిగా తోచును. కాని దీనిని నిస్సందేహముగా నిరూపించుటకు మానవజాతికి వేల సంవత్సరములు పట్టినది. ఈ లోపల ఎన్నో దేశములలో తప్పు లెక్కలతోనే పొలములు కొలువబడినవి. ఈ తప్పును కనిపెట్టి సరిదిద్దిన ఘనతలో భారతీయ గణకులకు పెద్దపాలు కలదు. అందులో తెలుగువారికిని సంబంధము లేకపోలేదు.

నాలుగు సమానమైన వెదురుపుల్లలను తెచ్చి చివరలు వదులుగా కట్టినచో నాలుగు భుజములు గల ఆకారమేర్పడును. దానిని తిన్నగా నిలిపినపుడు చతురస్రమగును. ఎదురెదురు మూలలను రెండు చేతులతో పట్టి లాగినచో అది ఏటవాలుగా వ్రాలును. ఇంకను లాగినచో సన్నబడి సన్నబడి తుదకు పుల్లలన్నియు ఒకదానినొకటి అంటుకొనును. పుల్లల పొడవు రవంతయు మారలేదు. కాని వానినడుమ నున్న చోటు మాత్రము నిండుగా నున్నది కాస్త శూన్యమైనది. ఇపుడు ఐదవ పుల్లను మూల నుండి మూలకు కట్టినచో ఆకారము కదలక నిలుచును. ఏలన, చతుర్భుజము రెండు త్రిభుజములైనది. త్రిభుజమునకు మూడు భుజములు నిశ్చయమైనచో దాని రూపమును నిశ్చయమే. దొడ్డి తలుపు వ్రాలిపోకుండ వడ్రంగి దానికి ఏటవాలుగా ఒక కర్ర కొట్టుట ఈ కారణముచేతనే.

యజ్ఞవేదికల కొలతలు

మనదేశమున కర్ణమును గూర్చిన విచారము యజ్ఞశాలలో పుట్టినది. వేదికలను, అగ్నిచితులను విధించిన కొలతల ప్రకారము కట్టుటకై బౌధాయనుడు, ఆపస్తంబుడు, కాత్యాయనుడు మున్నగువారు శుల్బసూత్రములను రచించిరి. శుల్బమనగా తాడు. ఇవి క్రీస్తుకు పూర్వము కొన్ని శతాబ్దుల నాటివి. వీరిలో ఆపస్తంబుడు తెలుగువారికి మిక్కిలి దగ్గరివాడు. తెలుగునాట వైదిక కుటుంబములలో పెక్కు ఆపస్తంబ సూత్రమును అనుసరించునవే.

ఈ సూత్రకారులు కర్ణమును అక్ష్ణయారజ్జువనిరి. దీర్ఘచతురస్రము యొక్క కర్ణముపై చతురస్రము గీసినచో, దాని వైశాల్యము పొడవుపైని, వెడల్పుపైని వేర్వేరుగా గీసిన రెండు చతురస్రముల వైశాల్యముల మొత్తమునకు సమానమగునని వారు తెలిపిరి. గ్రీసు దేశపు పైథాగరస్ పేర నేడు పాఠశాలలలో చెప్పబడు సిద్ధాంతమిదియే. చతురస్రమునకు భుజము 1 అయినచో కర్ణమెంత అను ప్రశ్నకు వారు 577ను 408చే భాగించిన విలువకు సమానమైన సమాధానమిచ్చిరి. ఇది నేటి లెక్కతో దశాంశ బిందువు తరువాత ఐదు స్థానముల వరకు సరిపోవుచున్నది.

సోమయాగములోని మహావేది ఆకారము గమనింపదగినది. తూర్పున 24 పదములు, పడమట 30 పదములు, తూర్పు పడమరల నడుమ దూరము 36 పదములు. ఇది సమలంబ చతుర్భుజము. ఆపస్తంబుడు దీని వైశాల్యము 972 చదరపు పదములని చెప్పి, ఒక ప్రక్కనున్న త్రిభుజపు ముక్కను కోసి రెండవ ప్రక్కకు త్రిప్పి పెట్టినచో 36 పొడవు, 27 వెడల్పు గల దీర్ఘచతురస్రమేర్పడునని కారణమును కూడ చూపెను. ఈ వేది కర్ణములను లెక్కించినచో రెండును సమానముగా 45 పదములు వచ్చును. ఆ దీర్ఘచతురస్రమునకును కర్ణము 45 పదములే. ముక్క స్థానము మారినను కర్ణము పొడవు మారకుండుట ఈ ఆకారములోని చమత్కారము.

యజ్ఞవేది పవిత్రస్థలము కావున అందు కొలత తప్పరాదని వారు అంతగా శ్రమించిరి. కాని రైతు పొలమునకు అంతటి భాగ్యము చాలకాలము లభింపలేదు.

స్థూలగణితము

ఈజిప్టు దేశమున నైలునది ఒడ్డున ఎడ్ఫూ అను చోట ఒక గొప్ప దేవాలయము కలదు. క్రీస్తుపూర్వము 2, 1 శతాబ్దుల ప్రాంతమున ఆ ఆలయపు భూముల పట్టిక శిలలపై చెక్కబడినది. అందు ప్రతి పొలమునకు నాలుగు వైపుల కొలతలు వ్రాసి వైశాల్యము కట్టిన విధమిది: ఎదురెదురు భుజములను కూడి సగము చేయవలెను; తక్కిన రెండు భుజములను అట్లే కూడి సగము చేయవలెను; ఈ రెండు సగములను గుణింపవలెను. త్రిభుజాకారపు పొలమైనచో నాలుగవ భుజము శూన్యమని వ్రాసికొని ఇదే లెక్క కట్టిరి! ఈ పద్ధతి మనదేశమునను చిరకాలము వాడుకలో నుండెను. మన గణకులు దీనిని స్థూలఫలమనిరి.

దీర్ఘచతురస్రమునకు ఈ లెక్క ముమ్మాటికి సరియైనది. మహావేది వంటి ఆకారమునకు కూడ తేడా స్వల్పమే. 972కు బదులు సుమారు 975 వచ్చును. అందుచేతనే ఇది శతాబ్దుల పర్యంతము నిలిచినది. కాని మూలలు ఏటవాలైన కొలది దోషము పెరుగుచుండును. అంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. ఈ లెక్క తప్పినపుడెల్ల ఎక్కువ వైపునకే తప్పును గాని, తక్కువ వైపునకు ఎన్నడును తప్పదు.

దానికి కారణము కర్ణముల సహాయముననే తెలియును. ఒక కర్ణము గీసినచో పొలము రెండు త్రిభుజములగును; రెండవ కర్ణము గీసినచో వేరు రెండు త్రిభుజములగును. ఏ త్రిభుజమైనను దాని రెండు భుజముల గుణకారములో సగమును మించదు; ఆ రెండు భుజములు తిన్నని మూలలో కలిసినపుడు మాత్రమే సమానమగును. ఈ నాలుగు త్రిభుజములను కూడినచో పొలమునకు రెట్టింపు వచ్చును. ఆ కూడికను సగము చేసినచో పైన చెప్పిన స్థూలఫలమే గరిష్ఠపు హద్దుగా తేలును. అనగా నాలుగు మూలలును తిన్నగా నుంటేనే స్థూలఫలము నిజమైన ఫలము. ఏ మూల వంకర తిరిగినను కాగితముపై భూమి హెచ్చును, నేలపై హెచ్చదు.

వైశాల్యమును బట్టి పన్ను కట్టవలసిన రైతు ఈ లెక్క వలన లేని భూమికి పన్ను కట్టును. భూమి కొనువాడు లేని భూమికి ధర ఇచ్చును. అమ్మువానికిని, పన్ను వసూలు చేయువానికిని మాత్రము ఈ తప్పు ఎప్పుడును లాభమే. ఇట్టి తప్పు త్వరగా బయటపడకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

బ్రహ్మగుప్తుని సూక్ష్మఫలము

ఈ స్థూలఫలమునకు ఎదురుగా సూక్ష్మఫలమును చెప్పిన మహనీయుడు బ్రహ్మగుప్తుడు. నేటి రాజస్థానములోని భీన్మాల్, నాటి భిల్లమాల, ఈయన నివాసము. ముప్పది సంవత్సరముల వయసున, క్రీ. శ. 628లో, ఈయన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. అందలి గణితాధ్యాయమున ఆయన స్థూల, సూక్ష్మ ఫలములు రెంటిని ప్రక్కప్రక్కనే పేర్కొనెను. సూక్ష్మఫలము తీయు విధమిది: నాలుగు భుజములను కూడి సగము చేయవలెను, ఆ సగములో నుండి ఒక్కొక్క భుజమును విడివిడిగా తీసివేయవలెను, మిగిలిన నాలుగు సంఖ్యలను గుణించి వర్గమూలము కట్టవలెను.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. భూమి 60, ముఖము 25, పార్శ్వభుజములు 52, 39. నాలుగింటి మొత్తములో సగము 88. భుజములను విడివిడిగా తీసివేయగా 28, 63, 36, 49 మిగులును. వీని గుణకారమునకు వర్గమూలము 1764. స్థూలఫలమైనచో 1933¾ వచ్చియుండెడిది.

ఈ సూత్రము అన్ని చతుర్భుజములకును చెల్లదు. నాలుగు మూలలును ఒకే వృత్తముపై నుండు చతుర్భుజమునకే, అనగా చక్రీయ చతుర్భుజమునకే, ఇది సరిగా వర్తించును. అట్టి చతుర్భుజముల కర్ణములను భుజముల నుండి లెక్కించు విధమును బ్రహ్మగుప్తుడు ఇచ్చెను. పై ఉదాహరణమున కర్ణములు 56, 63 అగును. ఆ రెండును ఒకదానినొకటి లంబముగా ఖండించును. అందుచేత వాని గుణకారములో సగము చేసినను 1764 వచ్చుచున్నది. ఇట్లు లంబకర్ణములు గల చక్రీయ చతుర్భుజములో కర్ణములు కలిసిన బిందువు నుండి ఒక భుజమునకు లంబము గీసి వెనుకకు పొడిగించినచో అది ఎదుటి భుజమును సరిగా నడిమికి ఖండించును. ఈ సిద్ధాంతము నేటికిని ప్రపంచమంతట బ్రహ్మగుప్తుని పేరనే వాడుకలో నున్నది.

ఈయనకు పూర్వము క్రీ. శ. 2వ శతాబ్దిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున టాలెమీ అను జ్యోతిష్కుడు చక్రీయ చతుర్భుజమును గూర్చి ఒక చక్కని విషయమును నిరూపించెను. కర్ణములు రెంటిని గుణించిన ఫలము, ఎదురెదురు భుజముల జంటలను గుణించి కూడిన ఫలమునకు సమానము. పై ఉదాహరణమున 56ను 63తో గుణింపగా 3528; 60ని 25తోను, 52ను 39తోను గుణించి కూడగా అదే 3528.

బ్రహ్మగుప్తుని సూత్రపాఠమున చక్రీయమను నియమము విడిగా చెప్పబడలేదు. అందుచేత తరువాతివారిలో కొందరు దీనిని సకల చతుర్భుజములకును వర్తింపజేసిరి. ఒక తప్పు తొలగుచుండగా దాని చోటున మఱియొకటి వచ్చి కూర్చున్నది.

పావులూరి గణితము

క్రీ. శ. 850 ప్రాంతమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైన గణకుడు గణితసారసంగ్రహమును రచించెను. భుజముల సమత్వమును బట్టి ఆయన చతుర్భుజములను ఐదు విధములుగా విభజించి, వైశాల్యములను వ్యావహారికమనియు, సూక్ష్మమనియు రెండు తెగలుగా చెప్పెను. వ్యావహారికమనగా పైని చెప్పిన స్థూలఫలమే. సూక్ష్మఫలమునకు బ్రహ్మగుప్తుని సూత్రమునే, చక్రీయ నియమము లేకుండ, ఇచ్చెను.

ఈ గ్రంథమే తెలుగునకు వచ్చినది. 11, 12 శతాబ్దుల నాటి పావులూరి మల్లన దీనిని సారసంగ్రహ గణితమను పేర తెలుగు పద్యములలో రచించెను. జనులు దానిని పావులూరి గణితమనిరి. తెలుగులో వెలసిన శాస్త్రగ్రంథములలో ఇది మొదటిదని పండితులు ఎన్నుదురు. భారతము తెనుగైన కొలదికాలమునకే గణితమును తెనుగగుట మనకు గర్వకారణము. 1912లో ఎం. రంగాచార్యులవారు మహావీరుని సంస్కృత గ్రంథమును ఆంగ్లానువాదముతో మదరాసున ప్రకటించిన పిమ్మట దాని విలువ ఇతర దేశములకును తెలియవచ్చినది.

భాస్కరాచార్యుని నిర్ణయము

దోషమును వేలెత్తి చూపినవారు ఇద్దరు. 10వ శతాబ్ది నాటి రెండవ ఆర్యభటుడు మహాసిద్ధాంతమున, కర్ణము తెలియకయే చతుర్భుజ వైశాల్యము చెప్పబోవు గణకుని మూర్ఖునిగాను, పిశాచముగాను నిందించెను. ఆయన కోపమును భాస్కరాచార్యుడు శాస్త్రముగా మార్చెను.

1114లో జన్మించిన భాస్కరుడు 1150లో సిద్ధాంతశిరోమణిని రచించెను. అందలి మొదటి భాగమే లీలావతి. అందు చతుర్భుజ ప్రకరణమున మొదట ఒక లెక్క కలదు. భూమి 14, ముఖము 9, పార్శ్వభుజములు 13, 12, లంబము 12. భుజముల సూత్రము చొప్పున 19,800కు వర్గమూలము, అనగా 141కి కొంచెము తక్కువ, వచ్చును. కాని లంబమును బట్టి చూడగా నిజమైన వైశాల్యము 138 మాత్రమే. స్థూలఫలమైనచో 143¾. ఒకే పొలమునకు మూడు లెక్కలు, మూడు జవాబులు! నేలయందు మాత్రము 138 కంటె ఎక్కువ లేదు.

పిమ్మట ఆయన అసలు కారణమును విప్పి చెప్పెను. ఎదురెదురు మూలలను లోపలికి నొక్కినచో ఒక కర్ణము తగ్గి రెండవది పెరుగును; భుజములు అవియే, క్షేత్రము మాత్రము వేరు. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణము పల్లెవాసులెల్లరు గుర్తుంచుకొనదగినది. నాలుగు భుజములును 25 చొప్పున గల క్షేత్రమును తీసికొనుడు. ఒక కర్ణము 30 అయినచో రెండవది 40, వైశాల్యము 600. ఒక కర్ణము 14 అయినచో రెండవది 48, వైశాల్యము 336. రెండు కర్ణములును సమానమైనచో అది చతురస్రము, వైశాల్యము 625. స్థూల సూత్రమడిగినను, భుజముల సూక్ష్మ సూత్రమడిగినను, మూడింటికిని 625 అనియే చెప్పును. 336 గజముల స్థలము కొన్నవాడు 625 గజములకు సొమ్ము చెల్లించినచో వాని గతి యేమి?

కావున ఒక కర్ణమో, ఒక లంబమో చెప్పక చతుర్భుజ ఫలమడుగువాడును, అడిగినంతనే చెప్పువాడును చతుర్భుజపు స్వభావము నెరుగనివారేయని భాస్కరుడు తేల్చెను. ఇంత సూటిగా, ఇంత సులభమైన ఉదాహరణముతో నిర్ణయించుట ఆయనకే చెల్లినది. ఈ లీలావతిని ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితమను పేర తెనిగించెను. 1587లో అక్బరు ఆజ్ఞపై ఫైజీ దీనిని పారసీకములోనికి మార్చెను. 1817లో కోల్‌బ్రూక్ దొరవారు బ్రహ్మగుప్త, భాస్కరుల గణితములను ఆంగ్లమున ప్రకటించిరి. కేరళదేశమున 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాషయను గ్రంథమున చక్రీయ చతుర్భుజ సూత్రములకు ఉపపత్తులను మలయాళమున వివరించెను. శాస్త్రము దేశభాషలలో నిలిచిన చోట అది పదిమందికి అందినదనుటకు ఇవి నిదర్శనములు.

చతుర్భుజ జాతులు, కర్ణ లక్షణములు

ఇంతవరకు వచ్చిన జ్ఞానమునంతయు ఒకచోట చేర్చినచో చతుర్భుజముల జాతిని వాని కర్ణములే తెలుపునని స్పష్టమగును.

సమాంతర చతుర్భుజములో రెండు కర్ణములు ఒకదానినొకటి నడిమికి ఖండించును. వాని పొడవులు సమానము కానక్కరలేదు. దీర్ఘచతురస్రములో కర్ణములు నడిమికి ఖండించుటయే గాక సమానములు కూడ. ఇల్లు కట్టుటకు ముగ్గు పోయునపుడు మేస్త్రీ ఎదురు గోడల పొడవులు సమానముగా నున్నవో లేవో చూచి, పిమ్మట మూల నుండి మూలకు రెండు విధముల తాడు పట్టి చూచుట దీని కొరకే. రెండు తాళ్లును సరిపోయినచో నాలుగు మూలలును మూలమట్టమునకు సరిపోవును. సరిపోనిచో పునాది వంకర.

సమచతుర్భుజములో కర్ణములు సమానములు కాకపోయినను లంబముగా నడిమికి ఖండించి మూలలను సగపాలు చేయును. చతురస్రములో ఈ గుణములన్నియు కలవు. పిల్లలెగురవేయు గాలిపటపు ఆకారములో, ప్రక్కప్రక్క భుజములు జంటలుగా సమానము. కర్ణములు లంబములే, కాని ఒకటి మాత్రమే రెండవదానిని సగపాలు చేయును. మహావేది వంటి సమపార్శ్వ సమలంబములో కర్ణములు సమానములు, కాని ఒకదానినొకటి నడిమికి ఖండింపవు. కర్ణములు లంబములైన ప్రతి క్షేత్రమునకును వాని గుణకారములో సగమే వైశాల్యము.

ఐరోపా ఖండమున 18వ శతాబ్దిలో ఈ విచారము మఱల సాగినది. ఫ్రాన్సు దేశీయుడగు వారిఞోన్ గ్రంథము ఆయన మరణానంతరము 1731లో వెలువడినది. ఎట్టి వంకర చతుర్భుజమైనను దాని నాలుగు భుజముల నడిమి బిందువులను కలిపినచో సమాంతర చతుర్భుజమే వచ్చునని అందు కలదు. ఆ క్రొత్త ఆకారపు భుజములు పాత ఆకారపు కర్ణములలో సగములు. 1748లో ఆయిలర్ కర్ణముల నడిమి బిందువులను కలుపు రేఖను పట్టుకొనెను. నాలుగు భుజముల వర్గముల మొత్తములో నుండి రెండు కర్ణముల వర్గముల మొత్తమును తీసివేయగా మిగులునది ఆ రేఖ వర్గమునకు నాలుగు రెట్లని చెప్పెను. ఆ రేఖ శూన్యమైనచో కర్ణములు నడిమికి ఖండించుకొనినవనియే అర్థము. అది సమాంతర చతుర్భుజము.

గొలుసు, హద్దురాయి, కర్ణము

1620లో ఇంగ్లండు దేశీయుడగు ఎడ్మండ్ గంటర్ 66 అడుగుల గొలుసును 100 లింకులుగా విభజించి భూమికొలతకు ప్రవేశపెట్టెను. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. అనగా ఎకరమునకు లక్ష చదరపు లింకులు. అందు నూరవపాలగు సెంటునకు వేయి. మదరాసు రాజధానిలో రైతువారీ పద్ధతిలో శిస్తు భూమి విస్తీర్ణముపై ఆధారపడినందున కొలత తప్పిన కొలది శిస్తును తప్పును. 1802లో లాంబ్టన్ మదరాసు దగ్గర త్రిభుజములతో దేశమును కొలువ నారంభించెను. 19వ శతాబ్ది ద్వితీయార్ధమున ఊరూర సాగిన సర్వేలో ప్రతి పొలమును త్రిభుజములుగా విడగొట్టిరి. జనులు ఎఫ్. ఎం. బి. అని పిలుచు పటములలో హద్దురాళ్ల నడుమ పొలము మీదుగా పోవు గీతలు ఈ కర్ణములే. తెలంగాణమున టిప్పను పటములు, 33 అడుగుల చదరమగు గుంటల లెక్కయు ఇట్టి కొలతకే ఏర్పడినవి. 40 గుంటలు ఒక ఎకరము.

సర్వేదారు చేయు లెక్క మిక్కిలి తేలిక. కర్ణము 400 లింకులనుకొనుడు. దాని కిరువైపుల నున్న మూలల నుండి కర్ణముపైకి లంబములు 150, 100 లింకులు. లంబములను కూడగా 250. దానిని 400తో గుణించి సగము చేయగా 50,000 చదరపు లింకులు, అనగా సరిగా 50 సెంట్లు. ఇందు గట్ల పొడవుతో పనియే లేదు.

పూర్వము గ్రామమున భూమి లెక్కలు కరణము చేతిలో నుండెడివి. ఆంధ్రప్రదేశమున 1984లో ఆ పదవి రద్దయినది. నేడు ఉపగ్రహముల సహాయమున పొలము మూలల స్థానములను పట్టు యంత్రములు వచ్చినవి. అయినను నాలుగు మూలల స్థానముల నుండి వైశాల్యము కట్టు సూత్రమును విప్పి చూచినచో అందు రెండు కర్ణముల గుణకారమే దాగియున్నది. యంత్రము మారినను గణితము మారలేదు.

ఇంటి స్థలమో, పంచుకొను పొలమో కొలుచుకొనువారికి ఈ చరిత్ర యొక ఉపాయమును నేర్పుచున్నది. బ్రహ్మగుప్తుని 60, 52, 25, 39 కొలతలనే గజములుగా ఎంచి, 60, 52 గజముల గట్లు ఒక వైపునను, 25, 39 గజముల గట్లు రెండవ వైపునను ఉండునట్లు మూలకు మూల తాడు పట్టుడు. తాడు 56 గజములు వచ్చినచో త్రిభుజములు రెండును 1344, 420 చదరపు గజములు, మొత్తము 1764. అవే నాలుగు గట్లతో తాడు 40 గజములే వచ్చినచో త్రిభుజములు సుమారు 1025, 468. మొత్తము 1493 మాత్రమే. స్థూలఫలము చూచుకొని 1933¾ గజములకు దస్తావేజు వ్రాయించుకొన్నవాడు ఈ రెండవ స్థలములో తొమ్మిది సెంట్లకు పైగా లేని భూమిని కొన్నవాడగును. గట్టు తగాదాలలో ఎదుటివాడు దున్నుకొన్నాడని అనుమానింపబడిన భూమి, ఒక్కొక్కచో ఏనాడును నేలమీద లేక, లెక్కలోనే పుట్టియుండవచ్చును.

తాడొకటి, మనుష్యులిద్దరు, కొద్దిపాటి ఓపిక. దస్తావేజులో నాలుగు గట్ల కొలతల ప్రక్కన కర్ణము కొలతను కూడ ఒక పంక్తిగా వ్రాయించుటకు ఇంతకంటె ఏమియు అక్కరలేదు. యజ్ఞవేదికకు ఆపస్తంబుడు పట్టిన తాడును, లీలావతిలో భాస్కరుడు అడిగిన కర్ణమును ఈ యొక్క పంక్తి కొరకే. అన్నదమ్ముల నడుమ ఆ పంక్తి యున్నచో తరువాతి తరమువారు కోర్టు మెట్లెక్కవలసిన పని చాలవరకు తప్పును.